ఆన్‌లైన్ ఆటల్లో ఏ రకం ఖర్చు ఎవరికి నప్పుతుంది?

ఫ్రీ అని డౌన్‌లోడ్ చేసుకున్న ఆటకి నెల తిరిగేసరికి వందల రూపాయలు పోయాయని తెలిస్తే, నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఇంట్లో పెద్దవాళ్ళకి ముందు వచ్చే అనుమానం సైబర్ మోసం జరిగిందని. చాలాసార్లు అక్కడ మోసగాడెవరూ ఉండడు. ఆ ఆట డబ్బు రాబట్టే పద్ధతే అలా ఉంటుంది. ఆ పద్ధతి ఏమిటో ఆట ఎక్కించుకునే ముందే చూసుకుంటే సగం టెన్షన్ తప్పుతుంది.

అందుకని ఇక్కడ ఆటల్ని గ్రాఫిక్స్, తుపాకులు, మ్యాపుల్ని బట్టి పోల్చడం లేదు. డబ్బు తీసుకునే తీరుని బట్టి పోలుస్తున్నాను. ప్రతి ఆటకీ నేను వేసే ప్రశ్న ఒకటే: నాకు కావలసిన వస్తువు చేతికి రావడానికి మొత్తం ఎంత అవుతుందో డబ్బు కట్టే ముందే తెలుస్తుందా? తెలిస్తే ఆ ఖర్చుని ఇంటి లెక్కలో పెట్టుకోవచ్చు. తెలియకపోతే, ఆట ఎంత బాగున్నా సరే, అది పిల్లల చేతిలోని ఫోన్‌లో ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

ఈ ఆటలు డబ్బు అడుగుతూనే ఎందుకు ఉంటాయి

బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్, కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్, వాలరంట్, క్లాష్ ఆఫ్ క్లాన్స్ లాంటి వాటిని లైవ్ సర్వీస్ ఆటలు అంటారు. ఒకసారి తయారుచేసి అమ్మేస్తే పని అయిపోయే ఆటలు కావివి. సర్వర్లు రాత్రీపగలూ నడవాలి. హ్యాక్‌లు వాడేవాళ్ళని పట్టుకుని తీసేయాలి. కొన్ని వారాలకోసారి కొత్త సీజన్, కొత్త ఈవెంట్ రాకపోతే జనం వేరే ఆటకి పోతారు. వాలరంట్ కంపెనీ ముంబైలో సర్వర్లు పెట్టబట్టే కావలి హాస్టల్లో ఆడే కుర్రాడికి పింగ్ (సర్వర్‌కి సమాచారం వెళ్ళి రావడానికి పట్టే సమయం) తక్కువ వస్తోంది. ఆ సర్వర్ల ఖర్చు, వాటిని చూసుకునేవాళ్ళ జీతాలు ఆగేవి కావు. మొదట్లో ఒక్కసారి వచ్చే డబ్బు దీనికి చాలదు, నెలనెలా వస్తూ ఉండాలి.

మనం కట్టే వంద రూపాయలూ పూర్తిగా ఆట తయారుచేసిన కంపెనీకి చేరవు. ధరలోనే 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది. గూగుల్, యాపిల్ స్టోర్లు చాలా ఏళ్ళుగా 30 శాతం దాకా కమీషన్ తీసుకుంటూ వచ్చాయి, చిన్న కంపెనీలకి 2021 నుంచి 15 శాతానికి తగ్గించాయి. ఈ కమీషన్ గొడవ మీదే ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ సంస్థ 2020 ఆగస్టులో యాపిల్ మీదా గూగుల్ మీదా కోర్టుకెక్కింది.

అయితే మనకి ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఉచిత ఆటలు ఆడేవాళ్ళలో ఎక్కువమంది ఒక్క రూపాయి కూడా పెట్టరు. పెట్టే కొద్దిమందిలో మళ్ళీ బాగా కొద్దిమంది చాలా ఎక్కువ పెడతారు. రాబడిలో పెద్ద భాగం వాళ్ళ నుంచే వస్తుంది. స్టోరు బొమ్మ మీద ఎర్ర చుక్క, ఆఫర్ పక్కన తిరిగే గడియారం, ఆట తెరవగానే మీద పడే ప్రకటన, ఇవన్నీ ఆ కొద్దిమందిని వెతికి పట్టుకోవడానికే. డబ్బు పెట్టనివాడు కూడా ఆటకి అవసరమే. మ్యాచ్ నిండాలంటే వాడు ఉండాలి, పక్కవాడి కొత్త స్కిన్ (తుపాకీకో పాత్రకో వేసే కొత్త రూపం) చూసి ఆశపడాలన్నా వాడే ఉండాలి. కాబట్టి ఉచితంగా ఆడటంలో నామోషీ ఏమీ లేదు. స్కిన్ లేనివాణ్ణి నూబ్ (ఆట రానివాడు) అని ఏడిపించే స్కూలు పిల్లలకి ఈ మాట పెద్దవాళ్ళు కూర్చోబెట్టి చెప్పాలి. వాళ్ళ చేత డబ్బు పెట్టించేది ఎక్కువగా ఆ ఏడిపింపే.

కొన్నది మన దగ్గర ఎన్నాళ్ళు ఉంటుంది

ఏ పద్ధతి ఎంచుకున్నా ఒకటి గుర్తుంచుకోవాలి. ఈ ఆటల్లో కొన్న స్కిన్ మన ఆస్తి కాదు. అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంట లీజుకి తీసుకున్నవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. మేత మనది, ఏరేటర్లు మనవి, కష్టం మనది, గుంట మాత్రం యజమానిది. ఆటలో తేడా ఏమిటంటే, లీజు ఎన్నాళ్ళో ఎవరూ కాగితం మీద రాసివ్వరు.

అపెక్స్ లెజెండ్స్ మొబైల్ 2022 మేలో విడుదలై 2023 మే 1న మూతపడింది. నిండా ఏడాది కూడా నడవలేదు. దాంట్లో కొన్నవాళ్ళకి ఏమీ మిగల్లేదు. పబ్‌జీ మొబైల్‌ని మన దేశంలో 2020 సెప్టెంబర్ 2న నిషేధించారు. దాని బదులు 2021లో వచ్చిన బీజీఎంఐ 2022 జులై 28న స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో గానీ తిరిగి రాలేదు. ఫ్రీ ఫైర్‌ని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం మిగిలింది. పూర్తి ధర పెట్టి కొన్న ఆటలకి కూడా గ్యారంటీ లేదు. యుబిసాఫ్ట్ వారి ‘ది క్రూ’ 2014లో వచ్చిన ఆట. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేస్తే, డబ్బిచ్చి కొన్నవాళ్ళు కూడా ఆడలేకపోయారు. దాని మీద యూరప్‌లో ఆటగాళ్ళు పెద్ద ఉద్యమమే లేపారు.

అందుకని ఈ ఆటల మీద పెట్టే డబ్బుని సినిమా టికెట్ ఖాతాలో రాసుకోవాలి. ఆడినన్నాళ్ళు సంతోషం ఇచ్చిందా లేదా అన్నదే లెక్క. ‘ఐడీకి ఇరవై వేల విలువ ఉంది, ఎప్పుడైనా అమ్ముకోవచ్చు’ అని పిల్లలు అంటే నమ్మకండి. ఐడీలు, అంటే ఆట ఖాతాలు, అమ్మడం, కొనడం చాలా కంపెనీల నిబంధనలకి విరుద్ధం. పట్టుబడితే ఆ ఐడీని మూసేస్తారు.

స్కిన్‌కి ధర చెప్పి అమ్మే ఆటలు

వాలరంట్, డోటా 2 ఆడటానికి ఉచితం. వాలరంట్‌లో తుపాకీ స్కిన్ కొన్నా, కొనకపోయినా గుండు తగిలే దెబ్బ ఒకటే. డోటా 2లో హీరోలందరూ మొదటి రోజు నుంచే అందరికీ ఉంటారు. డబ్బుతో కొనేది అందమే తప్ప బలం కాదు. లైవ్ సర్వీస్ ఆటల్లో ఇంతకంటే నిజాయితీ గల పద్ధతి నాకు కనిపించలేదు. వాలరంట్‌లో అయితే నచ్చిన స్కిన్‌కి ఇంత అని ఉంటుంది, కట్టామా, వచ్చిందా, అంతే.

లోపాలు లేకపోలేదు. వాలరంట్ స్టోర్లో ఒక్కొక్కరికి రోజుకి నాలుగు స్కిన్‌లే కనిపిస్తాయి, 24 గంటలకి మారిపోతాయి. ఇవాళ కొనకపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో అనే ఆత్రం అందులోంచే పుడుతుంది. ఇంకోటి, ధర రూపాయల్లో ఉండదు. ముందు రూపాయలిచ్చి పాయింట్లు కొనాలి, ఆ పాయింట్లతో స్కిన్ కొనాలి. మనకి కావలసిన స్కిన్ ధరకి సరిగ్గా సరిపోయే పాయింట్ల ప్యాక్ సాధారణంగా ఉండదు. కాస్త ఎక్కువ ప్యాక్ కొనాల్సి వస్తుంది, మిగిలిన పాయింట్లు అలా పడి ఉంటాయి. అవి వృథా పోకూడదని ఇంకో ప్యాక్ కొంటాం. బీజీఎంఐలో యూసీ, ఫ్రీ ఫైర్‌లో డైమండ్లు, అన్నిటికీ ఇదే మర్మం. కొనే ముందు పాయింట్లని రూపాయల్లోకి మార్చి ఒక కాగితం మీద రాయమని పిల్లలకి చెప్పండి. 1,775 పాయింట్లు అని చదివినప్పుడు చేయి వెనక్కి రాదు, రూపాయల్లో చూస్తే వస్తుంది.

పాస్: చవక, కానీ మన సమయం అడుగుతుంది

ఒక సీజన్‌కి ఒకసారి డబ్బు కట్టి, ఆడి లెవెల్స్ ఎక్కేకొద్దీ బహుమతులు తీసుకునే బ్యాటిల్ పాస్ అనే పద్ధతికి దారి చూపింది డోటా 2. 2013లో తమ ప్రపంచ టోర్నమెంట్ కోసం అమ్మిన కంపెండియం అనే పాస్ లాంటి దాని డబ్బులో నాలుగో వంతు బహుమతి సొమ్ములో కలిపారు. అదే పద్ధతిలో పెరిగి పెరిగి 2021 నాటికి ఆ టోర్నమెంట్ బహుమతి 4 కోట్ల డాలర్లు దాటింది. తర్వాత ఫోర్ట్‌నైట్ ఈ పాస్‌ని ప్రపంచమంతా పాకించింది. ఇప్పుడు బీజీఎంఐలో రాయల్ పాస్, క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో 2019 నుంచి గోల్డ్ పాస్, ఇలా పాస్ లేని ఆట దొరకడం కష్టం.

ధర ముందే తెలుస్తుంది, ఏమేం వస్తాయో జాబితా కళ్ళ ముందే ఉంటుంది. నా ప్రశ్నకి ఇది పాసైనట్టే. చిక్కంతా గడువుతోనే. డబ్బు కట్టినంత మాత్రాన వస్తువులు రావు. రోజూ ఆడి లెవెల్స్ ఎక్కితేనే వస్తాయి. సీజన్ అయిపోతే మిగిలినవి పోతాయి. కట్టిన డబ్బు వృథా అవుతుందనే బెంగతో నిద్ర మానుకుని ఆడేవాళ్ళు ఇక్కడే తయారవుతారు.

కందుకూరు నుంచి మా పిన్నమ్మ ఫోన్ చేసి, "అబ్బయ్యా, ఆ పాస్ ఏదో కొనిస్తే రెండు నెలలు ఇంకేమీ అడగనంటున్నాడు వీడు. కొనియ్యమంటావా?" అని అడిగింది. "కొనియ్యి పిన్నమ్మా. కాకపోతే ఇప్పుడు కాదు, సీజన్ అయిపోయే వారంలో కొనియ్యి" అని చెప్పాను. చాలా ఆటల్లో పాస్ ఆఖర్లో కొన్నా, అప్పటిదాకా ఉచితంగా ఆడి ఎక్కిన లెవెల్స్ అన్నిటికీ బహుమతులు ఒక్కసారే ఇచ్చేస్తారు. నలభై లెవెల్స్ ఎక్కి ఉంటే ఆ నలభై బహుమతులూ అప్పుడే చేతికి వస్తాయి. ఎన్ని వస్తాయో చూసుకుని, అంత డబ్బుకి తగునో లేదో తేల్చుకుని కొనవచ్చు. ఈ లోపు పిల్లాడికి మోజు తీరిపోతే అసలు కొననే అక్కర్లేదు. ఈ రెండో లాభం మొదటిదాని కంటే గొప్పది.

పాస్ గడువు తీరని ఆటలు కూడా ఉన్నాయి. హేలో ఇన్ఫినిట్, హెల్‌డైవర్స్ 2 ఆటల్లో కొన్న పాస్ ఎప్పటికీ ఉంటుంది, తీరిక దొరికినప్పుడు పూర్తిచేసుకోవచ్చు. అన్ని కంపెనీలూ ఇలా చేయగలవు, చేయడం లేదంటే మన రోజువారీ హాజరు వాళ్ళకి కావాలి కాబట్టే.

నెల్లూరు కార్పొరేట్ కాలేజీల హాస్టల్లో ఉండే ఇంటర్ పిల్లలకి పాస్ కొనడం దండగ. దసరాకి నాలుగు రోజులు, సంక్రాంతికి నాలుగు రోజులు ఇంటికి వచ్చేవాళ్ళు ఏ సీజన్నీ పూర్తిచేయలేరు. వాళ్ళకి ఏదైనా కొనిపెట్టాలనుకుంటే గడువు లేని వస్తువే కొనండి.

క్రేట్లు, స్పిన్‌లు, గాచా

లక్కీ స్పిన్, క్రేట్, లూట్ బాక్స్, గాచా, పేరేదైనా పని ఒకటే. డబ్బు కడతాం, ఏం వస్తుందో తెలియదు. కావలసింది రావచ్చు, అక్కర్లేని తుక్కు రావచ్చు. ఈ పద్ధతి మీద నాకు ఏమాత్రం సానుభూతి లేదు, అందుకే దీని లెక్క వివరంగా చెబుతాను.

ఒక స్పిన్‌లో మంచి స్కిన్ వచ్చే అవకాశం 1 శాతం అనుకుందాం. వంద స్పిన్‌లు తిప్పితే తప్పకుండా వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. ప్రతి స్పిన్‌కీ లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. వంద తిప్పిన తర్వాత కూడా రాకుండా ఉండే అవకాశం దాదాపు 37 శాతం. అంటే వందమంది పిల్లలు తలా వంద స్పిన్‌లు తిప్పితే, వాళ్ళలో సుమారు 37 మంది ఖాళీ చేతులతో మిగులుతారు. స్పిన్‌కి 20 రూపాయలైతే ఒక్కొక్కరికి రెండు వేలు పోయినట్టు. ఆ 37 మందిలో కొందరు ‘ఇంత పెట్టాం కదా, ఈసారి వస్తుంది’ అని ఇంకో రెండు వేలు పెడతారు. వచ్చినవాడు వీడియో తీసి అందరికీ పంపుతాడు. రానివాడు ఎవరికీ చెప్పడు. అందుకే క్లాసులో అందరికీ వచ్చినట్టే అనిపిస్తుంది.

ఈ కోపం తగ్గించడానికి కొన్ని ఆటలు హామీ పెట్టాయి. గెన్షిన్ ఇంపాక్ట్ 2020 సెప్టెంబర్ 28న వచ్చింది, ఈ రకం ఆటల్లో బాగా పేరున్నది. ఒక్కో విష్‌కి, అంటే ఒక్కసారి తిప్పడానికి, ప్రైమోజెమ్స్ అనే ఆటలోని నాణేలు 160 పడతాయి. పాత్రల కోసం తిప్పే క్యారెక్టర్ బ్యానర్‌లో, అన్నిటికంటే అరుదైన అయిదు నక్షత్రాల పాత్ర వచ్చే మూల అవకాశం 0.6 శాతం. 90 విష్‌ల లోపు అయిదు నక్షత్రాలది ఒకటి తప్పక వస్తుందని హామీ. అయితే అది మనం కోరుకున్న పాత్ర కాకుండా వేరేది కావచ్చు. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి తిప్పాలి, ఆ రెండోసారి మాత్రం కోరుకున్నదే వస్తుంది. దురదృష్టం పూర్తిగా వెంటాడితే 180 విష్‌లు, అంటే 28,800 ప్రైమోజెమ్స్. ఉచితంగా ఆడి పోగుచేసుకోవడానికి నెలలు పడుతుంది. ఇలాంటి ఆట ఆడితే బడ్జెట్ వేసుకోవలసింది ఈ 28,800కే, అదృష్టం బాగుంటే అయ్యే ఖర్చుకి కాదు. చేతిలో అంత పోగుపడకముందే బ్యానర్ మీద చేయి వేయకపోతే ఒక్క రూపాయి పెట్టకుండా కూడా ఈ ఆట ఆడవచ్చు. అంత ఓపిక ఉన్న పెద్దవాళ్ళకే దీన్ని సిఫారసు చేస్తాను.

ప్రభుత్వాలు కూడా దీన్ని ఊరికే చూస్తూ కూర్చోలేదు. జపాన్‌లో 2012లోనే కంప్లీట్ గాచా అనే ఒక రకాన్ని ఆపించారు. చైనా 2017 మే నుంచి అవకాశాల శాతాలు బయటపెట్టమంది. యాపిల్ అదే ఏడాది డిసెంబర్ నుంచి తన స్టోర్లో ఆ నిబంధన పెట్టింది. బెల్జియం 2018లో డబ్బు పెట్టి కొనే లూట్ బాక్సుల్ని జూదంగా తేల్చింది. అమెరికాలో వాణిజ్య సంస్థ ఎఫ్‌టీసీ 2025 జనవరిలో గెన్షిన్ ఇంపాక్ట్ ప్రచురణ సంస్థతో 2 కోట్ల డాలర్ల జరిమానాకి ఒప్పందం చేసుకుంది. 16 ఏళ్ళ లోపు పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి లేకుండా లూట్ బాక్సులు అమ్మకూడదని షరతు పెట్టింది. మన దగ్గర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. లేని తొందర పుట్టించడం, చందాలో ఇరికించడం లాంటి 13 ఎత్తుగడల్ని అందులో పేర్కొన్నారు.

మీ ఇంట్లో ఆడే ఆటలో శాతాలు ఎక్కడున్నాయో వెతకండి. స్పిన్ తెర మీద మూలగా చిన్న ప్రశ్నార్థకం గుర్తు గానీ, రూల్స్ అనే బటన్ గానీ ఉంటుంది. అది నొక్కి పిల్లల చేతే చదివించి, పైన చెప్పిన లెక్క వాళ్ళ చేతే కట్టించండి. పదో తరగతి పిల్లాడికి సంభావ్యత పాఠం ఎలాగూ ఉంది.

బలం అమ్మే ఆటలు

క్లాష్ ఆఫ్ క్లాన్స్ 2012 నుంచి నడుస్తోంది. పెద్ద భవనం కట్టడానికి రోజులు పడుతుంది, డబ్బుతో కొనగలిగే జెమ్స్ పెడితే వెంటనే అయిపోతుంది. ఇక్కడ అమ్మేది ఓపిక. ఓపిక ఉన్నవాడికి ఈ ఆట దాదాపు ఉచితం. తొందరపడేవాడికి అంతు లేదు. ఈఏ కంపెనీ ఫుట్‌బాల్ ఆటలోని అల్టిమేట్ టీమ్ ఇంకా ఖరీదైన వ్యవహారం. ప్యాక్‌లు తెరిచి ఆటగాళ్ళ కార్డులు సంపాదించాలి, మంచి కార్డున్న జట్టు నిజంగానే బలంగా ఆడుతుంది. ప్రతి ఏడాదీ కొత్త ఆట వస్తుంది, పాత జట్టు దాంట్లోకి రాదు. అదృష్టం, బలం, ఏడాది గడువు, మూడూ ఒకేచోట కలిసిన ఇలాంటి ఆట మీద డబ్బు పెట్టవద్దనే చెబుతాను.

చందా, లేదా ఒక్కసారి కొనేయడం

చిన్నపిల్లలు ఉన్న ఇంటికి నా మొదటి సలహా ఈ రెండింట్లో ఒకటి. యాపిల్ ఆర్కేడ్ 2019లో మన దేశంలో నెలకి 99 రూపాయలతో మొదలైంది. గూగుల్ ప్లే పాస్ 2022లో అదే ధరకి వచ్చింది. ఇప్పటి ధర స్టోర్లో చూసుకోండి. ఈ చందాల్లోని ఆటల్లో ప్రకటనలు ఉండవు, మళ్ళీ లోపల కొనమని అడగవు. కుటుంబంలో మొత్తం ఆరుగురి దాకా పంచుకోవచ్చు. ఇంట్లో నెట్‌ఫ్లిక్స్ ఉంటే దాంట్లోనూ 2021 నవంబర్ నుంచి ఆటలున్నాయి, వాటికి వేరే డబ్బు అక్కర్లేదు. ఈ సంగతి తెలియక నెట్‌ఫ్లిక్స్ కడుతూనే వేరే ఆటలకి ఖర్చుపెట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి.

చందాతో వచ్చే చిక్కు ఆటో పే. ఫోన్‌లోంచి ఆట తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్లో సబ్‌స్క్రిప్షన్స్ అనే చోటికి వెళ్ళి రద్దు చేయాలి. యూపీఐతో పెట్టుకుని ఉంటే మీ యూపీఐ యాప్‌లో ఆటో పే జాబితాలో కూడా కనిపిస్తుంది, అక్కడ ఆపేయవచ్చు. డబ్బు కోతకి 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ మెసేజ్ చదవకుండా తీసేయకండి.

ఒక్కసారి కొనేసే ఆటల్లో మైన్‌క్రాఫ్ట్ అందరికీ తెలిసిందే. లోపల మార్కెట్‌ప్లేస్ అనే అంగడి ఉంది గానీ, దాని జోలికి వెళ్ళకుండా ఏళ్ళ తరబడి ఆడుకోవచ్చు. స్టార్‌డ్యూ వ్యాలీ కొంటే లోపల ఇంకేమీ అమ్మదు, నెట్ లేకపోయినా నడుస్తుంది. కనిగిరి, గిద్దలూరు వైపు సిగ్నల్ సరిగా అందని ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఇది చిన్న లాభం కాదు. ముందు ఒకేసారి అంత పెట్టాలంటే మనసు ఒప్పదు, నిజమే. కానీ రెండు మూడు పాస్‌ల డబ్బుతో వచ్చే ఆట చాలా కాలం ఉంటుంది.

ప్రకటనలతో నడిచే లూడో, క్యారమ్స్ లాంటి ఆటల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పెద్దవాళ్ళకి పర్వాలేదు. చిన్నపిల్లలు ప్రకటన మూసేయబోయి వేరే యాప్ ఎక్కించేస్తారు కాబట్టి, వాళ్ళకి నెట్ ఆపేసి ఇవ్వడం మేలు.

ఇక పెట్టిన డబ్బుకి డబ్బు తిరిగి వస్తుందని చెప్పే రమ్మీ, పేకాట, బెట్టింగ్ యాప్‌లు ఈ పోలికలోకి రావు. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ల మీద నిషేధం పెట్టారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. వాటిలో ఎంచుకోవడానికి ఏమీ లేదు.

ఎవరికి ఏది

పదేళ్ళ లోపు పిల్లలు, అమ్మ ఫోన్‌లోనే ఆడుకునే ఇల్లు: చందా గానీ, ఒక్కసారి కొనే ఆట గానీ. స్పిన్‌లు ఉన్న ఏ ఆటా వద్దు.

బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మానలేని హైస్కూలు పిల్లాడు ఉంటే పూర్తిగా మాన్పించే గొడవ పెట్టుకోవడం కంటే పద్ధతి మార్చడం సులువు. ఉచితంగా ఆడనివ్వండి. సీజన్ చివర పాస్ ఒకటి, అదీ చదువు చూసి. స్పిన్‌లకి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి. బీజీఎంఐ 2021లో వచ్చినప్పుడు 18 ఏళ్ళ లోపు వాళ్ళకి రోజుకి 7,000 రూపాయల ఖర్చు పరిమితి పెట్టింది. మన ఇళ్ళలో ఏడు వేలంటే నెల సరుకులు. కంపెనీ పెట్టే పరిమితి మీద ఆధారపడకుండా ఇంటి పరిమితి ఇంట్లోనే పెట్టుకోవాలి.

కాకుటూరు యూనివర్సిటీలోనో, ఒంగోలు కాలేజీల్లోనో చదువుతూ ల్యాప్‌టాప్‌లో ఆడేవాళ్ళు వాలరంట్, డోటా 2 లాంటి వాటిలో ఉండటం మంచిది. ఒక్క రూపాయి పెట్టకపోయినా ఎవరితోనైనా సమంగా పోటీపడవచ్చు.

కృష్ణపట్నం పోర్టులోనో, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలోనో ఉద్యోగం చేసుకుంటూ రాత్రి ఒక గంట ఆడేవాళ్ళకి గడువు లేని పాస్ ఉన్న ఆటలు, లేదా పూర్తిగా కొనేసే ఆటలు. రోజూ హాజరు అడిగే ఆట డ్యూటీ షిఫ్టులతో కుదరదు.

డబ్బు కట్టే దారి

పొగాకు వేలం డబ్బో, రొయ్యల డబ్బో పడే ఖాతానే ఫోన్‌లో యూపీఐకి, ప్లే స్టోర్‌కి కలిపి ఉంచడం మన వైపు ఇళ్ళలో చూస్తుంటాను. పిల్లలకి పిన్ తెలుసు. ఇది వెంటనే మార్చాల్సిన అలవాటు. ప్లే స్టోర్ నుంచి ఆ ఖాతా, కార్డు తీసేయండి. ఆటకి ఇవ్వదలచుకున్నంత డబ్బుకి గూగుల్ ప్లే గిఫ్ట్ కోడ్ కొని వేయండి. అయిపోతే ఆగిపోతుంది. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. పిల్లాడికి సొంత ఫోన్ ఉంటే గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ యాప్ పెట్టి, కొనే ముందు మీ అనుమతి అడిగేలా చేయవచ్చు. ఐఫోన్‌లో దీన్నే ఆస్క్ టు బై అంటారు. ఒక్క బటన్ పొరపాటున నొక్కితే డబ్బు పోయేలా ఆట అమర్చినందుకు ఎఫ్‌టీసీ 2022 డిసెంబర్‌లో ఫోర్ట్‌నైట్ కంపెనీ చేత 24.5 కోట్ల డాలర్లు వినియోగదారులకి తిరిగి ఇవ్వడానికి ఒప్పించింది. అంత పెద్ద కంపెనీ ఆటలోనే అలా జరిగినప్పుడు తాళం మన చేతిలో ఉండటమే క్షేమం.

సగం ధరకే యూసీ, డైమండ్లు అని టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి. టాప్-అప్ (యూసీ, డైమండ్లు కొనడం) ఆటలోంచి గానీ, కంపెనీ సొంత సైటు నుంచి గానీ చేయాలి. లాగిన్ వివరాలు, ఓటీపీ అడిగారంటే ఐడీ పోయినట్టే.

డబ్బు ఇప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకండి. గూగుల్ ప్లేలో కొన్న 48 గంటల్లోపు రిఫండ్ అడిగితే వచ్చే అవకాశం ఎక్కువ. మీకు తెలియకుండా జరిగిన కొనుగోలైతే 120 రోజుల్లోపు ఫిర్యాదు చేయవచ్చు. ఐఫోన్ అయితే యాపిల్ వారి రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్ పేజీలో అడగాలి. యూసీ గానీ డైమండ్లు గానీ వాడకుండా ఉంచితే మీ మాటకి బలం ఉంటుంది, కాబట్టి పిల్లాణ్ణి తిట్టే ముందు ఆట ముట్టుకోవద్దని చెప్పండి. బ్యాంకులో నేరుగా వివాదం పెడితే కంపెనీ ఐడీని మూసేయవచ్చు, అందుకని ముందు స్టోర్‌కి, తర్వాత ఆట సపోర్ట్‌కి రాయండి. వాళ్ళు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బయటివాడు మోసం చేసి లాగేసుకున్న డబ్బైతే అదే గంటలో 1930కి ఫోన్ చేయండి.